మీకు తెలుసా? చల్లని గ్లాసును దానికి పట్టే చెమట కూడా వేడెక్కిస్తుంది

చెరకు పండే చోడవరం ప్రాంతంలో (పూర్వం విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా) వేసవిలో చెరకు రసం గ్లాసు నిమిషాల్లో చల్లదనం కోల్పోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. తేమగాలిలోని నీటి ఆవిరి చల్లని గ్లాసు గోడను తాకి బిందువులుగా మారేటప్పుడు, అంటే సాంద్రీకరణం చెందేటప్పుడు, తనలో ఇమిడి ఉన్న గుప్తోష్ణాన్ని ఆ గోడకే అప్పగిస్తుంది. ఇలా మారే ఒక్క గ్రాము ఆవిరి విడిచే సుమారు 2,400 జౌళ్ల వేడి, ఐసు కరిగిపోయిన 300 మిల్లీలీటర్ల పానీయాన్ని దాదాపు 2 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కించగలదు.

అందువల్ల గ్లాసుకు వేసే ఉష్ణబంధక తొడుగు, అంటే వేడి ప్రసారాన్ని అడ్డుకునే పొర, చేసే అతి విలువైన పని తేమగాలిని గ్లాసు దరి చేరనీయకపోవడమే. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో రూపొందిన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును నురుగుగా చేసినప్పుడు అందులో చిక్కుకునే సన్నని వాయు బుడగలు వేడిని నెమ్మదిగా మాత్రమే పోనిస్తాయి కనుక, అలాంటి తొడుగులకు అది బాగా నప్పుతుంది.

తొడుగు మడిచి జేబులో పెట్టుకునేలా ఉండాలంటే, తాటాకు విసనకర్రలోని ఈనెల మడతల్లాగా, వంగే చోట్లు ముందే నిర్ణయమై ఉండాలి. అయితే మడత దగ్గర నురుగు నలిగి పలచబడితే వేడికి అక్కడే దారి దొరుకుతుంది. తొడుగుకు పిడి పెడితే నిండు గ్లాసు బరువంతా దాని మీదే పడుతుంది కాబట్టి, పిడి పట్టీని పక్క కుట్టుకు మాత్రమే వదిలేయకుండా అడుగు కిందుగా చుట్టి కుట్టడం మేలు.