ఆటోమేటిక్ పికప్: గేర్‌బాక్స్ విప్పే ముందు ఆయిల్ చూడండి

మీనా సల్మాన్‌లో పికప్ నడిపే మనవాళ్ల కోసం చేసిన ఎపిసోడ్‌లోని ముఖ్యమైన పాయింట్లు ఇవి.

డీలో వేశాక బండి రెండు మూడు సెకన్లు ఆగి, ఒక్క కుదుపుతో కదులుతోందా? ఇంజిన్ అరుస్తోంది గానీ స్పీడ్ రావట్లేదా? గేర్‌బాక్స్ పోయిందని అప్పుడే భయపడకండి. ముందు ఆయిల్ చూడండి.

ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లను బిగించి పట్టేది ఆయిల్ ప్రెషరే. వేడిని మోసుకెళ్లేదీ అదే. లెవెల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ప్లేట్లు జారి మాడిపోతాయి. 40 డిగ్రీల ఎండలో, లోడుతో, ఆగి ఆగి నడిపితే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

డిప్‌స్టిక్ ఉంటే, బండి వేడెక్కాక చదునైన చోట ఆపండి. బ్రేక్ తొక్కి, లివర్‌ని అన్ని గేర్లలోకీ తిప్పి, పీలో పెట్టండి. చాలా బళ్లలో ఇంజిన్ ఆన్‌లో ఉండగానే లెవెల్ చూడాలి. డిప్‌స్టిక్ లేని బళ్లకి గ్యారేజీలో కిందనుంచి చెక్ చేస్తారు. తగ్గితే మాన్యువల్‌లో రాసిన ఆయిలే పోయాలి, ఏదో ఒకటి కలపొద్దు. లీకు ఎక్కడుందో కూడా వెతికించండి.

ఆయిల్ మామూలుగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు అరిగినట్టే. పాలు కలిపిన గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయని అర్థం. ఇక బండి స్టార్ట్ చేయకండి, రికవరీని పిలిచి మొత్తం పైకెక్కించండి. వెనక చక్రాలు నేలమీద తిరిగేలా లాగిస్తే, ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి పంపు పనిచేయదు, లోపల ఆయిల్ అందదు.

కంపెనీ బండైతే, తేడా కనిపించిన రోజే సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో రాసి పెట్టండి. నోటిమాటకి రుజువుండదు. రేపు రిపేరు ఖర్చు జీతంలో కోస్తామంటే, చూపించడానికి మీ దగ్గర ఆ తేదీ ఉంటుంది.