రాయి కిడ్నీలో.. దోషి మెడలో!

అర్ధరాత్రి రెండింటికి అమ్మ డొక్క పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. మూడేళ్లలో రెండోసారి కిడ్నీలో రాయి. ‘టమాటా గింజల వల్లే’ అంది పిన్ని. ‘ఉలవకట్టు తాగించండి’ అన్నారు పక్కింటివాళ్లు. నేనేం తక్కువ తిన్నానా? మొదటిసారి రాయి వచ్చినప్పుడే ఫోన్‌లో ఏదో చదివి, రాయంటే కాల్షియమే కదా అని అమ్మకి పాలూ పెరుగూ మాన్పించేశా.

ఈసారి డాక్టరు రాయి సంగతి చూశాక, రక్తంలో కాల్షియం టెస్టు రాశారు. డెసిలీటరుకి 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాల్సింది 11.6 వచ్చింది. ‘పాలే తాగదు కదండీ, ఎక్కణ్నుంచి వచ్చింది?’ అన్నా. ‘ఎముకల్లోంచి’ అన్నారాయన. నాకు నోట మాట రాలేదు.

మన మెడలో థైరాయిడ్‌ వెనక బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. వాటి పేరు పారాథైరాయిడ్‌. రక్తంలో కాల్షియం కాస్త తగ్గితే చాలు, పీటీహెచ్‌ అనే హార్మోన్‌ని వదులుతాయి. అది ఎముకల నుంచి కాల్షియం తీయిస్తుంది. కిడ్నీకి మాత్రం మూడు పనులు అప్పజెబుతుంది: కాల్షియాన్ని వెనక్కి లాగు, ఫాస్ఫేట్‌ని బయటికి పంపు, విటమిన్‌-డిని పనిచేసే రూపంలోకి మార్చు. ఆ విటమిన్‌తో పేగులు తిండిలోని కాల్షియాన్ని ఇంకాస్త పీల్చుకుంటాయి. సరిపోగానే గ్రంథులు ఊరుకుంటాయి.

అమ్మ మెడలో ఒక గ్రంథి వాచిపోయి, ‘ఇక చాలు’ అంటే వినడం మానేసింది. మా భాషలో చెప్పాలంటే, ఆగని లూప్‌!

మరి కిడ్నీ కాల్షియాన్ని దాచుకుంటుంటే మూత్రంలో రాయెలా కట్టింది? నేనూ అదే అడిగా. కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకడతాయి. రక్తంలోనే కాల్షియం పెరిగితే వడపోతకొచ్చేదీ పెరుగుతుంది. ఎంత వెనక్కి లాగినా, మూత్రంలో మిగిలేది మామూలుకన్నా ఎక్కువే. అదే రాయైంది.

పాలు మాన్పించడమూ నా తప్పేనట. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కాల్షియం తగ్గితే ఆ ఆక్సలేట్‌ మూత్రంలోకి చేరి రాళ్లకి దారిస్తుంది.

ఆపరేషన్‌ చేసి ఆ ఒక్క గ్రంథినీ తీసేశారు. మిగతా మూడూ డ్యూటీ ఎక్కాయి. ఇప్పుడు కాల్షియం 9.4. అమ్మ మళ్లీ పెరుగన్నం తింటోంది.

మీ ఇంట్లోనూ ఎవరికైనా రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయా? అయితే టమాటాని తిట్టే ముందు ‘కాల్షియం టెస్టు చేయించాలా?’ అని డాక్టర్ని ఒక్క మాట అడగండి.