కణము చెప్పిన బదులు

వరిచేనిలో పైరును కలుపును ఒకే నేలపై పెరుగును. ఒకే నీటిని త్రావును. అయినను రైతు కలుపును గుర్తించి పెరికివేయగలడు. కాని కలుపు పైరునుండియే పుట్టి, పైరు రూపమునే ధరించినచో ఏమి చేయవలెను? క్యాన్సరు వ్యాధి వైద్యుల ముందుంచిన చిక్కు ప్రశ్న ఇట్టిదే.

మన శరీరము కోట్లకొలది జీవకణములతో ఏర్పడినది. అవసరమైనప్పుడు ఒక కణము రెండగును. అవసరము తీరగానే ఆ విభజన ఆగిపోవును. గాయము తగిలినచోట క్రొత్త చర్మము పెరుగుటయు, గాయము మానగానే ఆ పెరుగుదల నిలిచిపోవుటయు ఈ కట్టుబాటు వలననే. ఇట్టి కట్టుబాటు తప్పి, అదుపులేక విభజన చెందు కణములే క్యాన్సరు కణములు. అవి బయటినుండి వచ్చిన క్రిములు కావు. దారి తప్పిన మన కణములే. అందుచేత వానిని చంపు మందు మంచి కణములకును కొంత హాని చేయును. ఏ మందు ఏ కణముపై ఎట్లు పనిచేయునో కేవలము ఊహవలన తెలియదు. ప్రయోగముచేసి కణమునే అడుగవలెను. అది చెప్పు బదులు మనకు నచ్చినను, నచ్చకున్నను, శ్రద్ధతో వినవలెను. అట్లు విన్నవారి కథ యొకటి తెలుగువారికి మిక్కిలి దగ్గరిది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించిరి. వారి సోదరుని స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొన్నది. సుబ్బారావుగారు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికాకు వెళ్ళి, బోస్టను నగరమున పరిశోధనలు సాగించిరి. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లే ప్రయోగశాలలో చేరిరి. వారి నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఇది ఆకుకూరలలోను, కాలేయములోను లభించు ఒక విటమిను. క్రొత్త రక్తకణములు పుట్టుటకు ఇది యవసరము. స్ప్రూ రోగులలో కనిపించు రక్తహీనతకు ఇది మంచి మందయ్యెను.

ఆ కాలమున బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. లుకేమియా అను రక్తపు క్యాన్సరుతో పిల్లలు కొన్ని వారములలోనో, కొన్ని నెలలలోనో మరణించుట ఆయన నిత్యము చూచుచుండెను. ఈ వ్యాధిలో ఎముకల మూలుగయందు పక్వము కాని తెల్లకణములు విపరీతముగా పెరిగి, మంచి రక్తకణములకు చోటు లేకుండ చేయును. ఫోలిక్ ఆమ్లము రక్తమునకు మేలు చేయును గదా, ఈ పిల్లలకును మేలు చేయునేమో యని ఫార్బరు తలంచెను. ఆ జాతి పదార్థములను కొందరు రోగులకిచ్చి చూచెను. ఫలితము విపరీతమయ్యెను. వ్యాధి తగ్గుటకు మారుగా, క్యాన్సరు కణములు మరింత వేగముగా పెరిగినట్లు కనబడెను.

ఇంకొకరైనచో ఆ ప్రయత్నమును అంతటితో విడిచిపెట్టియుందురు. ఫార్బరు ఆ చేదు ఫలితములోనే ఒక సమాచారమున్నదని గ్రహించెను. ఫోలిక్ ఆమ్లము ఈ కణములకు ఆహారమైనచో, ఆ ఆహారము వానికి అందకుండ చేసిన నేమగును? అప్పటికి సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనికి అడ్డుపడు పదార్థములను తయారుచేసియుండెను. వానిలో నొకటి ఎమినోప్టెరిన్.

ఈ మందు పనిచేయు తీరు ఆశ్చర్యకరమైనది. కణము రెండుగా విభజన చెందవలెనన్న, తన లక్షణములనన్నిటిని వ్రాసియుంచిన డి.ఎన్.ఏ. అను పదార్థమునకు మరియొక ప్రతిని తయారు చేసికొనవలెను. అందులకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పనికివచ్చు రూపములోనికి మార్చు ఎంజైము ఒకటి కణములో గలదు. ఎంజైమును తాళపు కప్ప యనుకొన్నచో, ఫోలిక్ ఆమ్లము దాని తాళపుచెవి వంటిది. ఎమినోప్టెరిన్ ఆ చెవినే పోలిన దొంగచెవి. అది కప్పలో దూరును. కాని తిరుగదు, బయటికి రాదు. అసలు చెవికి ఇక చోటుండదు. డి.ఎన్.ఏ. తయారీ నిలిచిపోవును, కణము చచ్చును.

1947 డిసెంబరులో ఫార్బరు ఈ మందునిచ్చుట ప్రారంభించెను. 1948 జూనులో ప్రకటించిన వ్యాసములో, మందు పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినదని ఆయన తెలిపెను. మంచముపట్టిన పిల్లలు కొందరు లేచి ఆడుకొనసాగిరి. కాని ఆ సంతోషము తాత్కాలికమే. కొన్ని నెలలలో వ్యాధి తిరిగివచ్చెను. ఈసారి మందు పనిచేయలేదు. 1948 ఆగష్టులో సుబ్బారావుగారు మరణించిరి. ఎమినోప్టెరిన్ స్థానమును దాని సోదరివంటి మెథోట్రెక్సేట్ ఆక్రమించెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్స్ అను వైద్యులు ఈ మందుతో గర్భసంబంధమైన ఒక జాతి క్యాన్సరును నయము చేయగలిగిరి. కాని లుకేమియా మాత్రము తిరిగి తిరిగి వచ్చుచునే యుండెను. ఏల?

ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినది మరల కణమే. ఇట్టి ప్రశ్నలను శాస్త్రజ్ఞులు గాజుపాత్రలలో పెంచిన కణములపైనను, చిట్టెలుకలపైనను పరీక్షింతురు. 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను స్త్రీ కణితినుండి తీసిన కణములు శరీరము వెలుపల ఎడతెగక పెరిగినవి. వానికే హీలా కణములని పేరు. పరిశోధనకై ఆమె అనుమతిని ఎవరును కోరలేదు. అది తప్పని నేడు లోకము గుర్తించినది. ఆమె కణముల సంతతి నేటికిని ప్రయోగశాలలలో పెరుగుచున్నది.

పరీక్ష జరుగు విధమిది. సమానసంఖ్యలో కణములను పెక్కు పాత్రలలో నుంచుదురు. ఒక పాత్రలో మందు వేయరు. తక్కినవానిలో క్రమముగా హెచ్చుపాళ్ళలో వేయుదురు. శరీరపు వెచ్చదనమునకు సమానముగా 37 డిగ్రీలలో నుంచి, రెండు మూడు దినముల పిదప లెక్కింతురు. ఒక జాతి నీలిరంగు కలిపినచో చచ్చిన కణములు రంగును పీల్చుకొనును, బ్రతికినవి పీల్చుకొనవు. మందులేని పాత్రతో పోల్చినప్పుడే మందు చేసిన పని యెంతయో తెలియును.

అమెరికాలోని బర్మింగుహాము నగరమున హోవర్డు స్కిప్పరు అను శాస్త్రజ్ఞుడు లుకేమియా గల చిట్టెలుకలను పరిశీలించెను. 1964లో ఆయన బృందము ప్రకటించిన విషయమిది: ఒక మోతాదు మందు ఇన్ని కణములని కాక, ఉన్నవానిలో ఇంత భాగమని చంపును. ఉదాహరణకు, మోతాదుకు వేయింట 999 కణములు చచ్చుననుకొందము. నూరు కోట్ల కణములలో మొదటి మోతాదునకు పది లక్షలు మిగులును, రెండవదానికి వేయి, మూడవదానికి ఒకటి. ఆ ఒక్కటి ముప్పదిసార్లు రెట్టింపయినచో మరల నూరు కోట్లు దాటును. చిట్టెలుకను చంపుటకు ఒక్క లుకేమియా కణము చాలునని స్కిప్పరు చూపెను. నేలబడిన ప్రతి రక్తబిందువునుండి మరల పుట్టిన రక్తబీజుని కథ మనకు తెలియును గదా! రోగికి నిమ్మళించినట్లు కనబడినను, చికిత్స మానరాదని దీనివలన తేలినది.

మరియొక కారణమును 1978లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్టు షిమ్కీ బృందము వెల్లడించినది. వారు గాజుపాత్రలలో పెరుగు చిట్టెలుక క్యాన్సరు కణములకు మెథోట్రెక్సేటును మొదట కొద్దిగా, తరువాత మెల్లమెల్లగా హెచ్చుగా ఇచ్చిరి. తుదకు మిగిలిన కణములు ఎంతటి మందునకైనను చావలేదు. పరీక్షింపగా, పైన చెప్పిన ఎంజైమును తయారుచేయించు జన్యువు ఆ కణములలో నూరురెట్లకు మించి పెరిగియుండెను. దొంగచెవులు ఎన్ని వచ్చినను, అంతకంటె ఎక్కువ కప్పలను ఆ కణములు తయారుచేయుచుండెను.

కణములు ఆలోచించి ఈ యుక్తి పన్నినవని తలంపరాదు. కోట్లకొలది కణములలో ఏ కొన్నిటిలోనో ఈ మార్పు దానంతట అదే కలుగును. మందు తక్కినవానిని చంపును. మిగిలినది ఆ మారిన కణముల సంతతియే.

ఒకే మందు చాలనప్పుడు ఉపాయమేమి? 1960 తరువాతి తొలి సంవత్సరములలోనే అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైకు అను వైద్యులు లుకేమియా పిల్లలకు నాలుగు మందులను కలిపి యిచ్చిరి. మెథోట్రెక్సేటు అందులో నొకటి. మరియొకటి విన్‌క్రిస్టిన్. ఇది మన పెరళ్ళలో పూచు బిళ్ళగన్నేరు నుండి తీయబడును. శుద్ధిచేసి, కొలత ప్రకారము వైద్యుడిచ్చినప్పుడే అది మందు. మొక్కను తినుట అపాయకరము. ఒక్కొక్క మందు కణమును ఒక్కొక్క చోట దెబ్బతీయును. ఒకదానిని తప్పించుకొన్న కణము మరియొకదానికి చిక్కును. ఈ మార్గమునే క్రమముగా చక్కదిద్దుటవలన, వైద్యసౌకర్యములు బాగుగా నున్న దేశములలో నేడు పిల్లలలో ఎక్కువగా కనిపించు లుకేమియా నూటికి సుమారు తొంబది మందికి నయమగుచున్నది. ఒకప్పుడు దాదాపు అందరును మరణించిన వ్యాధి ఇది.

అయినను పని ముగియలేదు. గాజుపాత్రలో చచ్చిన కణము శరీరములో చావకపోవచ్చును. వేగముగా పెరుగు మంచి కణములును మందునకు లోబడుటచేత రోగికి జుట్టు రాలును, నోరు పూయును, రక్తము తగ్గును. అందుచేత పరిశోధకులు నేటికిని పాత్రలు నింపుచున్నారు, కణములను లెక్కించుచున్నారు.

ఆనాడు ఫోలిక్ ఆమ్లము మేలు చేయునని ఆశించిన వైద్యునికి కణము కాదని బదులు చెప్పినది. ఆ కాదనుటను ఆయన దాచలేదు, మరువలేదు. దానినే ఆధారముగా గొని సుబ్బారావుగారి మందును చేపట్టెను. భీమవరమున పుట్టిన శాస్త్రజ్ఞుని బృందము చేసిన ఆ కృషినుండి వచ్చిన మెథోట్రెక్సేటు నేటికిని లోకమంతట ఆసుపత్రులలో రోగులకు ఇవ్వబడుచున్నది.