ఓటరు మనసు చదివే చదువు.. పొలిటికల్ సైకాలజీ మైనర్‌తో లాభమెంత? అమెరికా వెళ్లేముందు ఇవి చూసుకోండి!

ఒకే నాయకుడి ప్రసంగం. ఒకే ఇంట్లో, ఒకే టీవీలో ఇద్దరు విన్నారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు.. ఇంకొకాయన రిమోట్ తీసుకుని ఛానల్ మార్చేశాడు. విన్న మాటలు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? సరిగ్గా ఇక్కడే పొలిటికల్ సైకాలజీ మొదలవుతుంది. అమెరికాలో పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్లు కొన్ని యూనివర్సిటీల్లో దీన్ని ‘మైనర్’గా చదువుకోవచ్చు. అసలు మైనర్ అంటే ఏంటి? ఎవరికి పనికొస్తుంది?

మైనర్ అంటే ఏంటి?

అక్కడ పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీలో చేరగానే థీసిస్ మొదలుపెట్టరు. ముందు రెండేళ్లు దాదాపు క్లాసులే. అమెరికన్ పాలిటిక్స్, అంతర్జాతీయ సంబంధాలు లాంటి ఒక ప్రధాన రంగం ఉంటుంది. దానికి తోడుగా తీసుకునేదే మైనర్. చాలాచోట్ల నిర్ణీత కోర్సులు పాసైతే సరిపోతుంది, కొన్నిచోట్ల దానికీ విడిగా పరీక్ష పెడతారు. ఏపీ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి వచ్చిన సింగిల్ మేజర్ విధానం తెలిసినవాళ్లకు ఇది ఈజీగానే అర్థమవుతుంది. అయితే పీహెచ్‌డీ స్థాయిలో మైనర్ అంటే పరిశోధనకు ఇంకో పనిముట్టు చేతికి రావడమే.

మిన్నెసోటా యూనివర్సిటీలో పొలిటికల్ సైకాలజీకి ప్రత్యేకంగా గ్రాడ్యుయేట్ మైనర్ ఉంది. పొలిటికల్ సైన్స్ వాళ్లకే కాదు, సైకాలజీ, మాస్ కమ్యూనికేషన్ లాంటి విభాగాల వాళ్లకూ అవకాశం ఉంటుంది. ఒహాయో స్టేట్, న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ కూడా ఈ సబ్జెక్టుకు పేరున్న చోట్లే.

ఏం నేర్పిస్తారు?

ఒక ఉదాహరణ చాలు. 1954లో శామ్యూల్ స్టౌఫర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో పెద్ద సర్వే చేశారు. కమ్యూనిస్టులు, నాస్తికుల లాంటివాళ్లను మీ ఊళ్లో మాట్లాడనిస్తారా అని జనాన్ని అడిగారు. చాలామంది కుదరదన్నారు. 1970ల్లో అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే ‘మాట్లాడనివ్వండి’ అన్నవాళ్లు బాగా పెరిగారు. అమెరికాలో సహనం పెరిగిపోయిందని అంతా సంబరపడ్డారు.

మిన్నెసోటాలో ప్రొఫెసర్‌గా పనిచేసిన జాన్ సలివన్‌కు, ఆయన సహచరులకు ఇక్కడే డౌట్ వచ్చింది. జనం మారారా? లేక కమ్యూనిస్టులంటే భయం తగ్గిందా? అందుకే ప్రశ్నను తిరగేశారు. ముందు ‘మీకు అస్సలు నచ్చని గ్రూపు ఏది?’ అని అడిగారు. వాళ్లు చెప్పిన గ్రూపు గురించే ‘వీళ్లను సభ పెట్టుకోనిస్తారా?’ అన్నారు. అంతే.. పెరిగిందనుకున్న సహనంలో చాలా భాగం ఆవిరైపోయింది. 1982లో ఇది పుస్తకంగా వచ్చింది. నచ్చినవాళ్లను మాట్లాడనివ్వడం ఏ పాటి సహనం చెప్పండి! మన దగ్గర సర్వేల సీజన్‌లో ప్రశ్న ఎలా అడిగారో పట్టించుకునేవాళ్లు ఎంతమంది?

స్టోనీ బ్రూక్‌లో చార్లెస్ టేబర్, మిల్టన్ లాడ్జ్ 2006లో ప్రచురించిన పరిశోధన ఇంకా ఇబ్బంది పెట్టేది. తమ అభిప్రాయానికి సరిపోయే వాదనను జనం ఇట్టే ఒప్పుకుంటారు, ఎదుటి వాదనలో తప్పులు వెతుకుతారు. రాజకీయాలు బాగా తెలిసినవాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువట!

హైదరాబాద్ లింక్ కూడా ఉంది

1990 డిసెంబర్‌లో హైదరాబాద్ పాతబస్తీ అల్లర్లను తీసుకుని మనో విశ్లేషకుడు సుధీర్ కాకర్ ‘ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్’ రాశారు. బాధితులతోనే కాదు, గొడవల్లో ముందుండే పహిల్వాన్లతోనూ మాట్లాడారు. మన వీధుల మీద ఈ కోణంలో వచ్చిన అరుదైన పని ఇది.

అసలు లెక్క ఇక్కడుంది..

సూటిగా చెప్పాలంటే, మైనర్ పేరుతో విడిగా ఉద్యోగం రాదు. సర్వే సంస్థలు, ఎన్నికల వ్యూహకర్తలు చూసేది స్టాటిస్టిక్స్, సర్వే డిజైన్, ప్రయోగాలు చేయడం వచ్చా అని. మైనర్‌లో ఆ కోర్సులుంటే తీసుకోండి, లేకపోతే రెండుసార్లు ఆలోచించండి.

వీసా సంగతి మరీ ముఖ్యం. చదువు తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు. స్టెమ్ డిగ్రీలకు మరో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. అది మేజర్‌ను బట్టే, మైనర్‌ను చూసి ఇవ్వరు. అంటే పొలిటికల్ సైన్స్ డిగ్రీకి స్టాటిస్టిక్స్ మైనర్ జోడించినా ఆ పొడిగింపు రాదు. కన్సల్టెన్సీలో ఎవరైనా వస్తుందని చెబితే నమ్మొద్దు.

డబ్బు విషయానికొస్తే.. పేరున్న పీహెచ్‌డీల్లో సాధారణంగా ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ ఇస్తారు. మాస్టర్స్‌కు మాత్రం ఎక్కువమంది సొంతంగా కట్టుకోవాల్సిందే. ఇల్లు తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తీసుకునేవాళ్లు అప్లై చేసేముందు డిపార్ట్‌మెంట్‌కు ఒక మెయిల్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఈ మైనర్ మాస్టర్స్ వాళ్లకూ ఉందా, పీహెచ్‌డీ వాళ్లకేనా? పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు వచ్చే రెండేళ్లు అక్కడే ఉంటారా? మైనర్ కోర్సుల ఫీజు ఫండింగ్‌లో కలుస్తుందా?