గోడమీది వేటకత్తె

రాత్రివేళ వంటయింటి దీపము వెలిగింపగానే, గోడమీద అఱచేయియంత మేర కాళ్లు చాచుకొని కదలక యున్న గోధుమవన్నె సాలెపురుగును చూచి ఉలికిపడని గృహిణి యరుదు. మఱుక్షణమున చేయి చీపురుమీదికి పోవును. ఆ దెబ్బ పడుటకు ముందు ఆ ప్రాణి యెట్టిదో, మన యింట దాని పని యేమో సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

సాలెపురుగనగానే మనకు సాలెగూడు తలపునకు వచ్చును. కాని యిది యెరకొఱకు గూడల్లదు. పగలెల్ల అటకమీది సామానుల సందులను, తలుపుల వెనుకను దాగియుండి, రాత్రి బయలువెడలి, ఎర చేరువకు వచ్చువఱకు కదలక నిలిచి, ఒక్క ఉరుకున పట్టుకొనును. శాస్త్రజ్ఞులు దీనిని హెటెరోపోడా వెనటోరియా యందురు. స్వీడను దేశపు పండితుడగు లిన్నేయసు 1767లో దీనికి వెనటోరియా యని పేరిడెను. లాటిను భాషలో ఆ మాట వేటను సూచించును. ఆసియాఖండపు ఉష్ణప్రాంతములే దీని పుట్టిల్లని తలచుచున్నారు. ఓడలలో సరకులతోను అరటిగెలలతోను ప్రయాణము చేసి, నేడిది లోకమందలి ఉష్ణదేశములలో చాలవఱకు కాపురముండుచున్నది.

సాలెపురుగు కీటకము కాదు. కీటకమునకు కాళ్లు ఆరు, శరీరభాగములు మూడు. సాలెపురుగునకు కాళ్లు ఎనిమిది, శరీరభాగములు రెండే; ఱెక్కలు లేవు. తేలును గోమారియు దీని దాయాదులు. ఇంతవఱకు పేర్లు పెట్టబడిన సాలెపురుగు జాతులు 50,000కు మించినవి. వీనిని నూటికి పైబడిన కుటుంబములుగా విభజించినారు. మన వేటకత్తె స్పరాసిడే యను కుటుంబములోనిది. అందు 1,400కు పైగా జాతులు కలవు. లావోసు దేశమున దొరకి 2001లో వర్ణింపబడిన యొక జాతి కాళ్లు చాచినచో సుమారు 30 సెంటీమీటర్లుండును.

ఒక కుటుంబమును వేఱొకదానినుండి గుర్తించుటకు ముందుగా కన్నుల యమరికను చూతురు. స్పరాసిడే కుటుంబమున ఎనిమిది కన్నులును నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా నుండును. నేలమీద పరుగిడి వేటాడు తోడేలు సాలెపురుగులకో, ముందు నాలుగు చిన్నవి, వానిపై రెండు పెద్దవి, వాని వెనుక మఱి రెండు. రెండవ గుర్తు పాదపు కీలు. స్పరాసిడేలకు అచ్చట మూడు తమ్మెలుగల మెత్తని పొర యుండుటచే పాదము స్వేచ్ఛగా కదలును. ఒడలు బల్లపరుపు, కాళ్లు పీతకాళ్లవలె ప్రక్కలకు చాచియుండును. కావున సన్నని సందున నైనను ఇమిడిపోగలదు. పాదముల క్రింది దట్టమైన సూక్ష్మరోమముల వలన నున్నని గోడపై జాఱిపోదు.

దీనికి బొద్దింక ప్రియమైన ఆహారము. కోరలతో పట్టి విషమెక్కించి, జీర్ణరసము విడిచి, కరగిన మాంసమును పీల్చును. బొద్దింకలకై మనము చల్లు మందు ఈ బంటును గూడ చంపును.

ఆడుదానికి కన్నుల క్రింద మీగడవన్నె పట్టీ యుండును. మగదాని ఒడలు సన్నము, కాళ్లు పొడవు. అది కాళ్లను అదరించి సన్నని ఝంకారముతో తన రాకను ఆడుదానికి తెలుపును. తల్లి తన గ్రుడ్లను పట్టుదారముతో బిళ్లవంటి సంచిలో చుట్టి, ఒడలి క్రింద అదిమిపట్టుకొని, పిల్లలు వెలువడువఱకు వెంట మోయుచు తిరుగును. ఒక్క సంచిలో రెండువందల గ్రుడ్లుండుటయు కలదు. తోడేలు సాలెపురుగు తన సంచిని వెనుకభాగమున తగిలించుకొని, పిమ్మట పిల్లలను వీపుపై మోయును. ఈసారి చీపురెత్తినపుడు, గోడమీదిది అట్టి బిళ్లను పట్టుకొన్నదేమో ఒక్కసారి చూడుడు.

చర్మముపై చారలుగా పొక్కులు లేచినపుడు సాలెపురుగు ప్రాకినదని చెప్పుకొనుట కద్దు. అట్టి పొక్కులకు తఱచు కారణము పెడెరసు అను వేఱొక పురుగు. నలుపు నారింజవన్నెలుగల ఆ చిన్నపురుగు వానకాలమున దీపమునకు వచ్చును. ఒంటిపై నలిగినచో దాని రసము పొక్కులెక్కించును. దానిని నలుపక ఊదివేసి, ఆ చోటు సబ్బునీట కడుగవలెను. మన వేటకత్తె మనుష్యుని చూచిన పాఱిపోవునదే కాని మీదబడునది కాదు. చేత పట్టినను, సంచితో నున్నపుడు కదలించినను కఱవవచ్చును. నొప్పియు కొద్ది వాపును కలిగి సామాన్యముగా త్వరలోనే తగ్గును. తగ్గక హెచ్చినచో వైద్యునికి చూపవలెను.

ఇంట నుంచుకొన నిష్టము లేనివారు దానిపై గిన్నె బోర్లించి, క్రిందికి గట్టి కాగితము జొనిపి, పెరటిలో విడువవచ్చును. బిడ్డలు మన భయమును చూచియే భయపడుట నేర్తురు. తల్లి కేక వేయక నిలిచి, దూరమునుండి "దాని కాళ్లెన్నియో లెక్కింపుము" అనినచో, ప్రకృతిశాస్త్రమున ఆ బిడ్డకు అదియే తొలిపాఠము కాగలదు.