పాచిని పెంచే ప్రొఫెసరు గారు

ఐనవిల్లిలో చెరువు రేవు మెట్లు చూడండి. నాలుగు వానలు పడితే చాలు, మెట్ల మీద పచ్చగా పాచి పడుతుంది. కాలు పెడితే జర్రున జారుతుంది. ఆడవాళ్లు బిందె చంకన పెట్టుకుని, పాచిని తిట్టుకుంటూ దిగుతారు. కొబ్బరి పీచుతో రుద్ది కడుగుతారు. వారం తిరగకుండా మళ్లీ వస్తుంది.

పాచిలో చాలా రకాలున్నాయి. ఒక రకం పాచిని గాజు సీసాల్లో పోసి, దీపాలు పెట్టి, కంటికి రెప్పలా పెంచేవారు కూడా ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మొక్కల శాస్త్రం ప్రొఫెసరుగా రాజగోపాల్ సుబ్రమణ్యం గారు ఎన్నో ఏళ్లు చేసిన పని అదే.

పాచిలో ఏముంది, అంత చదువుకున్నాయన దాని వెంట పడడానికి?

మనం తినే అన్నం వరిచేను ఇచ్చింది. మరి వరి ఏం తిని బతుకుతుంది? ఆకులోని పచ్చదనం ఎండను పట్టుకుంటుంది. ఆ బలంతో నీటినీ, గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ కలిపి పిండిపదార్థం చేస్తుంది. మనం పీల్చే ప్రాణవాయువును బయటికి వదులుతుంది. దీన్ని కిరణజన్య సంయోగక్రియ అంటారు. పేరు నోరు తిరగకపోతే, ఆకు చేసే వంట అనుకోండి. వరి ఆకూ, కొబ్బరాకూ, చెరువులో పాచీ అన్నీ ఈ వంటే చేస్తాయి.

ప్రొఫెసరు గారి పాచి పేరు క్లామిడోమోనాస్. దానికి ఉండేది ఒకే కణం. సుమారు వంద కణాలు వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. రెండు సన్నని కొరడాలతో నీళ్లలో ఈదుతుంది. వరి మొక్కలో వంట పూర్తిగా చెడితే మొక్క చచ్చిపోతుంది. ఇక పరీక్షించడానికి ఏం మిగులుతుంది? ఈ పాచి అలా కాదు. వెనిగర్‌లో ఉండే పులుపును తిండిగా ఇస్తే చీకట్లోనైనా బతుకుతుంది. అప్పుడు లోపం ఎక్కడుందో తీరిగ్గా వెతకవచ్చు.

లోపం జన్యువులో ఉండవచ్చు. జన్యువు అంటే కణంలో రాసిపెట్టిన చీటీ లాంటిది. ఏ భాగం ఎలా తయారుచేయాలో అందులో ఉంటుంది. 2007లో శాస్త్రవేత్తలు ఈ పాచి చీటీలు చదివి ప్రకటించారు. అవి సుమారు 15,000. ఆ పనికి ముందు నిలిచిన సబీహా మర్చంట్ గారు బొంబాయిలో పుట్టినామె.

రాజగోపాల్ గారు మొదట తిరుపతిలో స్పిరులినా అనే నాచు మీద పనిచేశారు. ఎండలోని చెడు కిరణాలు దాన్ని ఏం చేస్తాయో చూశారు. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. తర్వాత కెనడా వెళ్లారు. ఆపైన అమెరికాలోని అరిజోనాలో క్లామిడోమోనాస్ మీద చేసిన పని 2006లో వెలువడింది. ఆ తర్వాత హైదరాబాదు.

మెట్ట నారుమడిలో కొత్త ఆకులు పాలిపోతే రైతు ఏం చేస్తాడు? అన్నభేది పిచికారీ చేస్తాడు. అన్నభేదిలో ఉన్నది ఇనుమే. ఆకు వంటలో ఎండను పట్టే యంత్రాలు రెండున్నాయి. అందులో ఒకదానికే 12 ఇనుము పరమాణువులు కావాలి. రాజగోపాల్ గారూ, ఆయన విద్యార్థులూ పాచికి ఇనుము తగ్గించి చూశారు. ఆ యంత్రం దెబ్బతిన్నట్టు 2012లో రాశారు. 2019లో ఇంకో సంగతి బయటపెట్టారు. ఇనుము చాలని కణంలో నూనె బొట్లు చేరుతున్నాయి! కరువు వస్తుందని గాదె నింపుకున్నట్టు.

మరి ఎండ ఎక్కువైతే? అప్పుడు యంత్రాన్ని కాపాడే జన్యువుల్లో పీజీఆర్‌5, పీజీఆర్‌ఎల్‌1 అనేవి రెండు. వీటిలో ఏదో ఒకటి లేని పాచిని గట్టి వెలుతురులో పెంచారు. కణం తన సొంత భాగాలనే కొంత అరిగించుకుని నూనె కూడబెట్టింది. ఇది 2022 నాటి మాట.

ఈ నూనెతో బండి నడపవచ్చా? డీజిలు లాంటి ఇంధనం చేయవచ్చు. కానీ ఖర్చు చాలా ఎక్కువ. పైగా ఒక చిక్కుంది. కడుపు నిండా తిండి పెడితే పాచి బాగా పెరుగుతుంది గానీ నూనె పెద్దగా దాచదు. తిండి తగ్గిస్తే నూనె దాస్తుంది గానీ పెరగదు. పెరగడమూ, దాచడమూ ఒకే సీసాలో సాగేలా ఏ చీటీ మార్చాలా అని చాలా దేశాల్లో వెతుకుతున్నారు.