కోచ్ అనే మాట ఏ ఊరిది?

మా మనవరాలు పి.యు.సి. చదువుతోంది. కోచింగ్‌లో చేరతానంది. ఫీజు విన్నాక ఇంట్లో గొడవ. "ఆడపిల్లకి అంత ఖర్చు ఎందుకు?" అన్నాడు మావాడు.

నేను మాట మార్చడానికి అడిగాను: "అమ్మాయీ, రైలు పెట్టెనీ కోచ్ అంటారు, ఆట నేర్పే సారునీ కోచ్ అంటారు. రెండింటికీ ఏం సంబంధం?" నేను చదివింది అయిదో తరగతే. తను లైబ్రరీకి పోయి పెద్ద డిక్షనరీలు తిరగేసి వచ్చి చెప్పింది.

హంగేరీ దేశంలో కొచ్ అని ఒక చిన్న ఊరు ఉందంట. వియన్నా నుంచి బుడాపెస్ట్ పోయే దారిలో. 15వ శతాబ్దంలో ఆ ఊరి పనివాళ్ళు వేగంగా పోయే గుర్రబ్బండ్లు చేసేవాళ్ళు. వాటిని 'కొచి' బండ్లు అన్నారు, అంటే కొచ్ ఊరివి అని. రాను రాను బండి అనే మాట రాలిపోయి 'కొచి' ఒక్కటే మిగిలింది. మనం "ధర్మవరం కట్టుకుంది" అంటే చీర అని చెప్పకపోయినా తెలుస్తుంది కదా, అట్లాగే.

ఆ మాట జర్మనీ, ఫ్రాన్సు దాటి, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి కోచ్ అయింది. రైళ్ళు వచ్చాక రైలు పెట్టెకీ అదే పేరు. మన బెంగళూరు బి.ఇ.ఎమ్.ఎల్.లో తయారైన మెట్రో పెట్టెలూ కోచ్‌లే.

మరి సారు సంగతి? 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ పిల్లలు, పరీక్ష గట్టెక్కించే పంతులుని వేళాకోళానికి కోచ్ అన్నారంట. బండి మనిషిని ఊరు చేర్చినట్టు ఈయన పరీక్ష దాటిస్తాడని. ఆటల సారుకి ఆ పేరు తర్వాత వచ్చింది. కోచింగ్ కూడా అందులోనుంచే.

ఇది విన్నాక నాకు మా అక్క గుర్తొచ్చింది. హిందూపురంలో నన్ను బెంగళూరు రైలు ఎక్కించింది ఆమే. టికెట్టు ఆమె కూలి డబ్బుతోనే. నేను వచ్చి మిల్లులో స్పిన్నింగ్‌లో చేరి, ఇల్లు కట్టి, పిల్లల్ని చదివించాను. మా అక్కని మాత్రం ఎవరూ ఏ బండీ ఎక్కించలేదు. నాకన్నా లెక్కలు బాగా వచ్చేవి ఆమెకి.

ఆ మాటే మావాడితో అన్నాను. వాడు తల వంచుకున్నాడు. మర్నాడు పోస్టాఫీసులో దాచుకున్న డబ్బు తీసి మొదటి కంతు నేనే కట్టాను. రెండోది వాడు కడతానన్నాడు.

మన కాలనీలో ఇంకా ఎన్ని ఇళ్ళలో ఈ గొడవ ఉందో. ఒకసారి మీ ఇంటి ఆడపిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి.